నాన్న కోసం ఒక ఖాళీ గడి

మా నాన్న దర్జీ. పర్లాకిమిడి బజారులో నలభై ఏళ్లు మిషను తొక్కాడు. టేపు ఎప్పుడూ మెడలోనే ఉండేది గానీ, కొలత మాత్రం ముందు కంటితోనే తీసేవాడు. గుమ్మంలోకి మనిషి రాగానే "ఛాతీ ముప్పై ఎనిమిది, భుజం పదిహేడున్నర" అని తనలో తాను అనుకుని, ఆ తర్వాత టేపు పెట్టి సరిచూసుకునేవాడు. ఒడియా వాళ్లయినా, తెలుగు వాళ్లయినా, సంతరోజు కొండ దిగి వచ్చే సవరలైనా ఆయన కంటికొలతను నమ్మేవారు.

తిత్లీ తుపాను మా జిల్లాను కుదిపేసిన మరుసటి ఏడాది, అంటే 2019లో, కాజా కుడుతూ కుడుతూ ఆగి "పాపా, ఈ బొటనవేలు మాట వినడం లేదే" అన్నాడు. కత్తెర జారుతోందన్నాడు. వయసన్నారు, నరం పట్టిందన్నారు, తైలాలు రాశాం. ఎనిమిది నెలలు తిరిగాక విశాఖపట్నంలో ఒక డాక్టరుగారు సూదులు గుచ్చి నరాల పరీక్ష చేసి, మోటార్ న్యూరాన్ డిసీజ్ అని చెప్పారు. కండరాలను ఆడించే నరకణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోయే జబ్బు. చేతులు, కాళ్లు, గొంతు, చివరికి ఊపిరి. కానీ చాలామందిలో కనుగుడ్లను తిప్పే నరాలు చివరి దాకా నిలుస్తాయి. ఆ రోజు డాక్టరుగారు ఆ మాట కూడా చెప్పారు. మా చెవికి ఎక్కలేదు.

నేను ఊళ్లోనే డీటీపీ షాపు నడుపుతాను. ఒడియాలో అఫిడవిట్లు, తెలుగులో పెళ్లిపత్రికలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. పోయిన నెల గుణుపురం నుంచి ఒకాయన మా షాపు వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ల తమ్ముడికి మెడ విరిగి నాలుగేళ్లుగా మంచం మీదే ఉన్నాడట. "మీ నాన్నగారు కళ్లతో కంప్యూటరు నడుపుతారంట గదమ్మా, ఒక్కసారి చూపించండి" అన్నాడు. ఇంటికి తీసుకెళ్లి చూపించాను. కానీ ఆ అరగంటలో ఆయనకు చెప్పాల్సింది సగం కూడా చెప్పలేకపోయాను. ఆ మిగిలిన సగం కోసమే ఇది రాస్తున్నాను.

2022 వేసవికి నాన్న గొంతు పూర్తిగా పోయింది. అప్పటికి మా దగ్గర యంత్రం లేదు. నేను చేసిన మొదటి పని, ఒక అట్టముక్క మీద అక్షరాలు రాసుకోవడం. మన అక్షరమాల ఈ పనికి ఇంత బాగా అమరుతుందని నాకు అప్పుడే తెలిసింది. క, చ, ట, త, ప వర్గాలు ఐదు. ఒక్కో వర్గంలో ఐదక్షరాలు. ఆ కింద య ర ల వ, ఆ కింద శ ష స హ ళ. ఇంగ్లీషు వాళ్లయితే ఇరవై ఆరు అక్షరాలను ఏ వరసలో పెట్టాలా అని తలపట్టుకుంటారు. మనకు చిన్నప్పుడు పలక మీద దిద్దించిన వరసే సరిపోయింది. ముందు వరస అడగాలి. "క వరసా? చ వరసా?" కళ్లు పైకెత్తితే అవును. గట్టిగా మూసుకుంటే కాదు. వరస దొరికాక అందులో ఎన్నోదని అడగాలి. అక్షరం దొరికాక గుణింతం అడగాలి.

"గాలి" అన్న మాట ఇలా వచ్చింది: క వరస, మూడోది, దీర్ఘం. య వరస, మూడోది, గుడి. రెండక్షరాలకు దాదాపు రెండు నిమిషాలు. ఫ్యాను వేశాను. నాన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నాకూ తిరిగాయి.

మొదట ఆ అట్ట మీద కొన్ని వాక్యాలు కూడా రాసిపెట్టాను. "నాకు దాహంగా ఉన్నది." "నన్ను పక్కకు తిప్పండి." నాన్న వాటి వైపు చూసేవాడే కాదు. ఆ మాటలు ఆయనవి కావు. ఆయన జన్మలో అమ్మతో "తిప్పండి" అనలేదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లోనే పుట్టి పెరిగాను. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు తలుచుకుంటాం. అయినా మాట పడిపోయిన మా నాన్న నోట్లో నేను పుస్తకం మాటలు పెట్టాను. అట్ట తిరగేసి మళ్లీ రాశాను. "నీల్లు." "ఇటు తిప్పు." "సాలు." "ఏటి?" ఈ "ఏటి?" అన్న గడినే నాన్న అన్నింటికన్నా ఎక్కువగా చూశాడు. మేం గదిలో మాట్లాడుకుంటూ ఉంటే, ఏమంటున్నారు, నాకూ చెప్పండి అని.

ఆ రోజుల్లోనే జరిగిన ఒక సంగతి ఉంది. పొద్దున్న పది గంటల వేళ. నాన్న మంచం కిటికీ పక్కనే. ఆయన చూపు కిటికీ మీదే ఆగి ఉంది. అమ్మ పరుగెత్తుకొచ్చి "నీళ్లా?" అంది. కళ్లు మూసుకున్నాడు. "ఎండ పడుతోందా? కిటికీ ముయ్యనా?" మళ్లీ మూసుకున్నాడు. "నొప్పా? డాక్టరుకు ఫోన్ చెయ్యమంటావా?" మూసుకున్నాడు. అమ్మకు టెన్షన్ ఎక్కువై నన్ను పిలిచింది. నేను అట్ట తెచ్చాను. క వరస కాదు. చ కాదు. ట, త, ప, య ఏవీ కావు. శ వరస దగ్గర కళ్లు పైకి లేచాయి. మూడోది. స. కొమ్ముదీర్ఘం. సూ. తర్వాత ట వరసలో మూడోది. డ. తర్వాత త వరసలో ఐదోది, గుడిదీర్ఘం.

"సూడనీ."

చూడనీ అన్నాడు. అంతే. కిటికీ బయట వీధి ఉంది. పాల సైకిలు పోతోంది. ఎదురింటి పిల్ల గోడ మీద పిడకలు కొడుతోంది. ఆయన చూస్తున్నాడు. ఆయన ఎటు చూసినా ఏదో అడుగుతున్నాడనుకుని మేం పరుగులు పెడుతున్నాం. శరీరంలో ఆయన ఇష్టప్రకారం కదిలేవి ఆ రెండు కళ్లే. ఆ చూపును కూడా ఆయన కోసం ఉంచకుండా మేం మొత్తం లాగేసుకున్నాం.

కంటితో కంప్యూటరు నడిపే విద్యలో అసలు చిక్కు ఇదేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. చెయ్యి పని చెయ్యడానికే ఉంది. కన్ను ఉన్నది చూడటానికి. చూపునే మౌసుగా మారిస్తే, చూసిన ప్రతిదీ నొక్కినట్టే అవుతుంది. 1990లో రాబర్ట్ జాకబ్ అనే పరిశోధకుడు దీని గురించి రాశారు. ముట్టిందల్లా బంగారమైపోయి అన్నం కూడా తినలేకపోయిన గ్రీకు రాజు మిడాస్ పేరు మీద దీన్ని మిడాస్ టచ్ అంటారు. మనకు చప్పున తోచేది భస్మాసుర హస్తం. చూపు పడితే చాలు, ఏదో ఒకటి జరిగిపోతుంది.

2023లో సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఐ ట్రాకర్, అంటే చూపు స్క్రీను మీద ఎక్కడుందో పట్టే యంత్రం, కొన్నాం. వీడియో గేములు ఆడేవాళ్ల కోసం తయారైనది. స్క్రీను కింద అతికించే సన్నని పట్టీ, జానెడు పైచిలుకు పొడవు. దానికి ముందు రోగుల కోసమే ప్రత్యేకంగా తయారైన యంత్రం ధర అడిగితే లక్షల్లో చెప్పారు. ఆ అమ్మకందారు "తెలుగులో రాదండీ, ఇంగ్లీషు నేర్పించండి" అని కూడా అన్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషికి, మాట పోయాక, ఇంగ్లీషు నేర్పించాలట. ఫోన్ పెట్టేశాను.

ఈ పట్టీ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం ఇబ్బందులు మనమే సరిచేసుకోవచ్చు. దానిలో చిన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు, కెమెరా ఉంటాయి. ఆ వెలుతురు మన కంటికి కనబడదు. అది కంటి నల్లగుడ్డు మీద పడి చిన్న చుక్కలా మెరుస్తుంది. తల కదలకుండా చూపు మారితే కంటిపాప జరుగుతుంది గానీ ఆ మెరుపుచుక్క దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎడాన్ని బట్టి చూపు స్క్రీను మీద ఎక్కడ పడుతోందో లెక్క కడతారు. అందుకే మొదట్లో స్క్రీను మీద చుక్కలు చూపించి ఒక్కోదాన్ని చూడమంటుంది. దాన్నే కాలిబ్రేషన్ అంటారు. కొత్త మనిషికి కొలతలు తీసుకోవడం లాంటిదే. ఒకరి కొలతతో ఇంకొకరికి చొక్కా కుట్టలేం కదా.

ఎండ తగిలితే పని చెయ్యదు, ఎందుకంటే ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. మాకు పొద్దున్నపూట ఇదే గొడవ. నాన్న కిటికీ వదులుకోడు, యంత్రానికి ఎండ గిట్టదు. చివరికి పొద్దున్నంతా కిటికీకి, మధ్యాహ్నం నుంచి యంత్రానికి అని పంచుకున్నాం. కళ్లజోడు అద్దం మీద వెలుగు పడి తళుక్కుమన్నా చుక్క తప్పిపోతుంది. జోడును ముక్కు మీద కాస్త కిందికి వంచితే సర్దుకుంది. కంటిరెప్ప వాలినా, కళ్లు పొడిబారినా చూపు దొరకదు. డాక్టరుగారు రాసిచ్చిన చుక్కల మందు వేసి, పది నిమిషాలు ఆగి అప్పుడు మొదలుపెడతాం.

దూరం కూడా ముఖ్యమే. దాదాపు 60 సెంటీమీటర్లు ఉండాలి. నాన్న టేపుతో కొలిస్తే 24 అంగుళాలకు రవ్వంత తక్కువ. వెల్డింగ్ షాపులో ఇనుప గొట్టాలతో మంచం మీదకు వంగే స్టాండు ఒకటి చేయించాను. ఆ దూరంలో చూపు ఒక డిగ్రీ తప్పితే స్క్రీను మీద సెంటీమీటరు తేడా వస్తుంది. మంచి యంత్రాలకు కూడా అర డిగ్రీ నుంచి డిగ్రీ దాకా తప్పు మామూలే. కాబట్టి మనం మౌసుతో నొక్కే చిన్న చిన్న బటన్లు కంటికి పనికిరావు. గడులు పెద్దవిగా ఉండాలి. నేను రెండంగుళాలకు తగ్గకుండా పెట్టాను.

విండోస్‌లో 2017 నుంచే ఐ కంట్రోల్ ఉంది. ఆప్టీకీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ 2015 నుంచి ఉంది. రెండూ వాడి చూశాను. కంటితో మౌసును ఆడించేవరకు వాటి సాయం తీసుకుని, గడులు మాత్రం పవర్‌పాయింట్‌లో నేనే కట్టాను. ఒక స్లైడులో ఆరు గడులు. ఒక్కో గడికి ఒక శబ్దం. ఇక్కడ ఒక మెలిక ఉంది. గడి బయట చూపు పడినా స్లైడు మారిపోయేది, నాన్న కంగారు పడేవాడు. స్లైడ్ షో సెట్టింగుల్లో కియోస్క్ అన్నది పెడితే గడుల మీద తప్ప ఎక్కడ నొక్కినా ఏమీ కాదు. ఇది కనిపెట్టడానికి నాకు మూడు రాత్రులు పట్టింది.

శబ్దం విషయంలో మాత్రం ఒక మంచి పని ముందే చేసి ఉన్నాను. 2021లో నాన్న మాట ముద్దగా మారుతున్న రోజుల్లో ఫోన్‌లో ఆయన చేత నలభై మూడు మాటలు పలికించి దాచాను. డాక్టరుగారి దగ్గర పనిచేసే స్పీచ్ థెరపిస్టు అమ్మాయి చెప్పిన సలహా అది. ఇప్పుడు "ఏటి?" అన్న గడి మీద చూపు నిలిపితే వినబడేది నాన్న గొంతే. కాస్త మసకగా, వెనక మిషను చప్పుడుతో సహా. ఇంట్లో ఇలాంటి జబ్బు ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఈ పని ఈ రోజే చెయ్యండి. యంత్రం తర్వాత కొనుక్కోవచ్చు. గొంతు తర్వాత దొరకదు. దాచని మాటలకు మేం ఫోన్‌లోని తెలుగు గొంతునే వాడుతున్నాం. అది "సాలు"ను కూడా తద్దినం మంత్రంలా చదువుతుంది. నాన్నకది నచ్చదు.

ఇక చూపు ఎంతసేపు నిలిపితే నొక్కినట్టు లెక్క? దాన్ని డ్వెల్ టైం అంటారు. మామూలుగా చదివేటప్పుడు మన చూపు ఒక్కో చోట పావు సెకను దాకా ఆగి, గెంతి, ఇంకో చోట ఆగుతుంది. కాబట్టి అంతకన్నా బాగా ఎక్కువ ఉండాలి. నేను మొదట 0.6 సెకను పెట్టాను. ఆయన గడిలో ఏముందో చదివేలోపే అది అరిచేసేది. 1.2 సెకన్లకు పెంచాను. నెల తర్వాత చెయ్యి తిరిగినట్టు కన్ను తిరిగింది, 0.8కి తగ్గించాను. సాయంత్రం అలసిపోయాక మళ్లీ పెంచాలి. దీనికి ఒక్కసారి పెట్టి వదిలేసే అంకె లేదు. పక్కనున్న మనిషి కనిపెట్టి మారుస్తూ ఉండాల్సిందే.

అక్షరాల పలకలో కూడా అట్ట వరసే పెట్టాను, వర్గం, అక్షరం, గుణింతం. ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలు వేరే పేజీకి తోసేశాను, నాన్న మాటలో అవి దాదాపు రావు. ఓపిక ఉన్న రోజున నిమిషానికి మూడు, నాలుగు మాటలు రాస్తాడు.

ఆ స్లైడులో ఆరు గడులన్నాను. నిజానికి మాటలున్నవి ఐదే. ఆరోది, నడిమధ్యన అన్నింటికన్నా పెద్దది, ఖాళీ. దాని మీద అక్షరం లేదు, బొమ్మ లేదు, శబ్దం లేదు. లేత బూడిద రంగు, అంతే. అక్కడ ఎంతసేపు చూసినా ఏమీ జరగదు. నేను అన్నింటికన్నా ముందు కట్టిన గడి అదే. మొదటిరోజు నాన్న ఐదు గడులూ ఒక్కొక్కటి పలికించి, ఖాళీగడి మీద చూపు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. అమ్మ లేవబోయింది. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

ఈ ఊళ్లో అందరూ "స్టీఫెన్ హాకింగ్ లాగా" అంటారు. ఆయన వాడింది కన్ను కాదు, చెంప. చెంప కండరం కదలికను కళ్లజోడుకు తగిలించిన సెన్సరు పట్టుకునేది. ఈ మాట ఎందుకంటే, గుణుపురం తమ్ముడి లాంటివాళ్లకు మెడ విరిగినా తల కదులుతుంటే, కన్ను కన్నా తల కదలికతో నడిచే మౌసు తేలిక కావచ్చు. ఏ కండరం నమ్మకంగా, అలసట లేకుండా కదులుతుందో ముందు అది చూసుకోవాలి. డబ్బు పెట్టే ముందు ఫోన్‌లోనూ ప్రయత్నించవచ్చు. 2020లో గూగుల్ లుక్ టు స్పీక్ అని ఒక యాప్ తెచ్చింది. ఎడమకు, కుడికి చూస్తూ మనం రాసిపెట్టుకున్న మాటలను పలికించవచ్చు. 2024లో ఐఓఎస్ 18తో ఐఫోన్‌లో కూడా ముందు కెమెరాతోనే ఐ ట్రాకింగ్ వచ్చింది. ఇవేవీ లేకపోయినా అట్టముక్క ఉంది. కరెంటు పోయిన రాత్రుల్లో మాకు ఇప్పటికీ అదే.

కాగితాల పని గురించి ఒక్క మాట. రేషన్ కార్డు కేవైసీకి నాన్న వేలిముద్ర పడలేదు. వేళ్లు ముడుచుకుపోయాయి. ఒక ఆఫీసులో మూడుసార్లు తిప్పి "మనిషిని తీసుకురండి" అన్నారు. చివరికి ఇంకో సెంటరు కుర్రాడు కంటిని స్కాన్ చేసే ఐరిస్ మెషీను పట్టుకుని ఇంటికే వచ్చాడు. ఒక్క నిమిషంలో అయిపోయింది. వేలిముద్ర బదులు ఐరిస్ అడిగే వీలుందని తెలుసుకోండి, అడగండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, అందులోని 21 రకాల వైకల్యాల్లో దీర్ఘకాలిక నరాల జబ్బులూ ఉన్నాయి. సర్టిఫికెట్ తీసుకోవడానికి మొహమాటపడొద్దు.

పోయిన ఆదివారం అమ్మ తన జాకెట్టు తానే కుట్టుకుంది. నాన్న మిషను మీదే. కొత్త జాకెట్టు తొడుక్కుని గదిలోకి వచ్చి, మందులు సర్దుతోంది. నాన్న చూపు ఆమె మీద ఉంది. మేమెవరం ఏమీ అడగలేదు. తర్వాత ఆ చూపు స్క్రీను మీదకు వచ్చింది, ఖాళీగడి మీద కాసేపు ఆగింది, అక్షరాల పలక తెరిచాడు. నాలుగు నిమిషాలు పట్టింది.

"ఎడం సెయ్యి అరంగుళం ఎక్కువ."

అమ్మ ఒప్పుకోలేదు. నేను నాన్న టేపు తీసి రెండు చేతులూ కొలిచాను. ఎడమది తొమ్మిదిన్నర, కుడిది తొమ్మిది. అమ్మ ఏమీ అనకుండా జాకెట్టు మార్చుకుని వచ్చి, నాన్న మంచం అంచున కూర్చుని ఎడమ చేతి కుట్టు విప్పడం మొదలుపెట్టింది.